ఊరగాయలు సర్దారు సరే, భాష సర్దారా?

పెళ్ళై అమ్మాయి విదేశం వెళ్తోందంటే మన ఇళ్ళల్లో హడావుడి అంతా ఇంతా కాదు. విజయనగరమైనా, పార్వతీపురమైనా, పలాసైనా ఒకటే తంతు. ఆవకాయ ఒక సీసా, మాగాయ ఒక సీసా, కందిపొడి, కరివేపాకు పొడి, ప్రెషర్ కుక్కరు, దానికి రెండు రబ్బరు రింగులు, ఇడ్లీ రేకులు. పలాస వాళ్ళయితే జీడిపప్పు పొట్లం సరేసరి. బరువు ఎక్కువైందేమోనని సూట్‌కేసుని నాలుగుసార్లు తూకం వేస్తారు. ఎక్కువైతే ఓ పట్టుచీర తీసి పక్కన పెడతారు గానీ ఆవకాయ మాత్రం తియ్యరు. ఇంతా చేసి, ఆ పిల్ల దిగబోయే ఊళ్ళో జనం మాట్లాడుకునే భాషలో "నాకు ఒంట్లో బాగాలేదు" అనే ఒక్క ముక్క ఆమెకి వచ్చా అని ఎవరూ అడగరు.

అమెరికాయో, ఇంగ్లండో అయితే చదువుకున్న ఇంగ్లీషుతో ఎలాగో నెట్టుకొస్తుంది. కానీ ఇప్పుడు మన పిల్లలు ఇంగ్లీషు చెల్లని దేశాలకీ వెళ్తున్నారు. అందులో జపాన్ ఒకటి. 2022 ఆఖరుకే అక్కడ ఉంటున్న భారతీయులు 40 వేలు దాటారు. టోక్యోలో ఎదొగావా వార్డులో నిషి కసాయ్ అనే పేట ఉంది. 2000 సంవత్సరం నాటి కంప్యూటర్ల హడావుడిలో వెళ్ళిన ఇంజనీర్లు అక్కడ చేరడం మొదలుపెట్టారు. ఇప్పుడు అక్కడ కందిపప్పు దొరుకుతుంది, మన పిల్లలకి ఇండియన్ స్కూళ్ళున్నాయి. "ఇంకేం, మనూరిలాగే ఉంటుందట" అని అమ్మలు నిశ్చింతగా ఉంటున్నారు. నా మట్టుకు నాకు ఆ నిశ్చింతే భయంగా ఉంది.

చిత్రం చూడండి. మన అమ్మమ్మల కాలంలో జపాన్ అంటే బాంబులు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద, 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులేశాయి. రంగూన్‌లో కూలికీ నాలికీ ఉన్న మన జిల్లాల వాళ్ళు కట్టుబట్టలతో అడవులూ కొండలూ పడి నడిచొచ్చారు. దారిలో పోయినవాళ్ళకి లెక్కే లేదు. ఆ ఇళ్ళ మనవరాళ్ళే ఇవాళ జపాన్‌లో కాపురాలు పెడుతున్నారు. కాలం అలా మారింది, సంతోషమే. అయితే కొత్త ఊళ్ళో ఆడపిల్ల బతుకు ఎలా గడుస్తుందన్నది అప్పుడూ ఎవరికీ పట్టలేదు, ఇప్పుడూ పట్టడం లేదు.

తలుపు వెనక కాపురం

ఇలా వెళ్ళిన ఒకమ్మాయి దినచర్య చెప్తాను, వినండి. మన రాజాం వైపు పిల్లే. ఎమ్మెస్సీ చదివింది. పొద్దున ఏడున్నరకి భర్త బయల్దేరితే రాత్రి తొమ్మిదికి గానీ రాడు. చెత్త ఏ రోజు ఏది బయట పెట్టాలో గోడ మీద కాగితం ఉంటుంది. కాలేది ఒక రోజు, కాలనిది ఒక రోజు, సీసాలూ డబ్బాలూ ఇంకో రోజు. ఆ కాగితమంతా జపనీస్. తప్పు రోజున పెడితే సంచి మీద చీటీ అతికించి అక్కడే వదిలేస్తారు. నలుగురూ చూసేలా ఆ సంచి అలా ఉండిపోతే ఆ పిల్లకి తల కొట్టేసినట్టయ్యేది. బజారుకెళ్తే ఏది ఉప్పో ఏది పంచదారో పొట్లం మీద చదవలేదు. పోస్టులో ఉత్తరం వస్తే అది కరెంటు బిల్లో, వార్డు ఆఫీసు నోటీసో తెలియదు. భర్త వచ్చేదాకా దాచిపెట్టాలి. వాళ్ళమ్మ ఫోన్ చేసి "ఏటే గుంటా, ఆ ఊర్లో ఎవుల్తో మాటాడతావే?" అని అడిగితే, "నీతోనే కదమ్మా" అని నవ్విందట. ఆ నవ్వులో ఎంత దిగులుందో ఆడపిల్లల్ని కన్నవాళ్ళకి వేరే చెప్పాలా?

ఇది ఒక్క ఆ పిల్ల కథ కాదు. భర్త ఉద్యోగం మీద, భార్య భర్త మీద వెళ్ళే ప్రతి చోటా ఉన్నదే. జపాన్‌లో ఈ వీసాని కుటుంబ వీసా అంటారు. దాని మీద వెళ్ళిన భార్య ఉద్యోగం చెయ్యాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. తీసుకున్నా వారానికి 28 గంటలకి మించి చెయ్యకూడదు. ఆ 28 గంటల పనైనా దొరకాలంటే నాలుగు ముక్కలు మాట్లాడటం రావాలి కదా!

ఇంకో తమాషా ఉంది. 2019 ఏప్రిల్ నుంచి జపాన్ ఒక కొత్త రకం వీసా ఇస్తోంది. ముసలివాళ్ళని చూసుకునే పని, హోటలు పని, ఫ్యాక్టరీ పని లాంటివాటికి. దానికి వెళ్ళాలంటే జపనీస్ పరీక్ష పాసవ్వాలి. కాబట్టి వాళ్ళు ముందే నెలల తరబడి కూర్చుని నేర్చుకుంటారు. భార్యగా వెళ్ళేదానికి ఏ పరీక్షా లేదు. పరీక్ష లేదు కాబట్టి నేర్పేవాళ్ళూ లేరు. కూలి పనికి వెళ్ళేవాడికి భాష కావాలి, కాపురానికి వెళ్ళేదానికి అక్కర్లేదు! అంటే ఆమె ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదని ముందే తీర్మానం అయిపోయిందన్నమాట.

ఆపదకి భాష అడ్డం

ఊసుపోక కబుర్లకే అయితే నేనూ ఇంత పట్టుబట్టను. జ్వరం వచ్చినప్పుడు, భూమి కదిలినప్పుడు, పురుడు వచ్చినప్పుడు తెలుస్తుంది దీని సంగతి.

ఒకావిడకి ఏడేళ్ళ కొడుకు. వాడు బడికెళ్ళి ఆర్నెల్లలో జపనీస్ గడగడా మాట్లాడేస్తున్నాడు. ఆవిడ మురిసిపోయింది. ఆవిడకి గర్భసంచి సమస్య వచ్చి ఆస్పత్రికి వెళ్ళాల్సొచ్చింది. భర్త ఊళ్ళో లేడు. డాక్టరు అడిగిన ప్రశ్నలన్నీ ఆ పసివాడే విని తల్లికి చెప్పాలి, తల్లి చెప్పింది వాడే డాక్టరుకి చెప్పాలి. ఏడేళ్ళ మగపిల్లాడితో ఏ తల్లి ఆ మాటలు చెప్పగలదు? సగం చెప్పి సగం మింగేసింది. సగం రోగానికే మందొచ్చింది. ఇది విన్నాక కూడా "భర్తకి వస్తే చాలదా, పిల్లలకి వస్తే చాలదా" అనేవాళ్ళకి నేనేం చెప్పను?

జపాన్‌లో గర్భం వచ్చిందని వార్డు ఆఫీసులో చెప్తే తల్లికీ బిడ్డకీ కలిపి ఒక చిన్న పుస్తకం ఇస్తారు. నెలనెలా పరీక్షలు, పుట్టాక టీకాలు, బరువు, ఎత్తు అన్నీ అందులోనే రాస్తారు. ఎంత చక్కటి పద్ధతో! ఇతర భాషల్లో అచ్చువేసినవీ ఉన్నాయి. కానీ అలాంటిది ఉందని అడగడానికి కూడా కౌంటరు దగ్గర రెండు మాటలు రావాలి. పురిటికి ఇక్కణ్ణించి అమ్మ వెళ్తుంది. పాపం ఆ అమ్మకీ రాదు, అమ్మాయికీ రాదు. ఇద్దరూ కలిసి అల్లుడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు.

ఇక భూకంపాలు. 1995 జనవరి 17న కోబె నగరంలో పెద్ద భూకంపం వచ్చింది. నీళ్ళు ఎక్కడిస్తున్నారు, తల దాచుకోవడానికి ఎక్కడికెళ్ళాలి అన్న కబుర్లు అందక అక్కడున్న పరదేశీయులు చాలా అవస్థపడ్డారు. ఆ అనుభవం నుంచే "తేలిక జపనీస్" అనే పద్ధతి పుట్టింది. పెద్ద పెద్ద మాటలు మాని, పొట్టి వాక్యాల్లో, పరాయివాళ్ళకి కూడా అర్థమయ్యేలా హెచ్చరికలు చెప్పడం. అంటే ఆ ప్రభుత్వాలు ఓ మెట్టు దిగాయి. మనం ఓ మెట్టు ఎక్కొద్దా? ఆ తేలిక భాష కూడా జపనీసే కదా, అ ఆలు రానివాళ్ళకి అదీ అందదు.

మన శ్రీకాకుళం వాళ్ళకి ఇది ఎక్కువ వివరించక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు, పలాస వైపు విరుచుకుపడింది కదా. దండోరా విని, మైకు విని, పక్కింటివాళ్ళ కేక విని మనవాళ్ళు బయటపడ్డారు. ఆ మైకులో మాట మీకు తెలియని భాషలో వినిపించిందనుకోండి, అప్పుడేం చేస్తారు?

సాకులకేం తక్కువ?

"రెండేళ్ళుండి వచ్చేస్తారు, ఆ భాష మనకెందుకు?" ఇది మొదటి సాకు. రెండేళ్ళంటే ఏడొందల ముప్ఫై రోజులు. ఏడొందల ముప్ఫై రోజులు మూగదానిలా ఉండమని కన్నకూతురికి చెప్తారా? పైగా రెండేళ్ళని వెళ్ళినవాళ్ళు పన్నెండేళ్ళున్నవాళ్ళూ ఉన్నారు.

"ఫోన్లో అనువాదం వచ్చేస్తోంది కదా" అన్నది కొత్త సాకు. నిజమే, బజారులో పొట్లం మీద అక్షరాలకి పనికొస్తుంది. వాడుకోవాలి కూడా. కానీ పక్కింటి ముసలామె గుమ్మంలో నిలబడి పలకరిస్తే ఫోన్ తీసి ఆమె మొహం ముందు పెడితే స్నేహం కుదురుతుందా? పురిటి నొప్పులప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చోగలరా?

మూడోది అసలు సాకు. అది పైకి అనరు. "ఆమెకి అన్నీ వచ్చేస్తే, తనంతట తనే తిరగడం మొదలుపెడితే..." అని. అక్కడితో ఆగిపోతారు. ఆ ఆగిపోయిన చోటే ఉంది కిటుకంతా. భాష వచ్చిన భార్య బ్యాంకుకి తనే వెళ్తుంది, డాక్టరుతో తనే మాట్లాడుతుంది. ఇంట్లో ఏదన్నా అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలుసుకుంటుంది. అందుకే నేననేది, భాష నగలాంటిది కాదు, తాళంచెవి లాంటిది. దాన్ని భర్త జేబులో ఉంచి పంపకండి.

వచ్చినవాళ్ళు నేర్చారు, మనమూ నేర్చాం

ఇదేదో కొత్త విద్య కాదు, మన జిల్లాల్లోనే ఉదాహరణలున్నాయి. కెనడాలో నోవాస్కోషియా అనే చోట మరియా నోరిస్ అనే అమ్మాయి ఉండేది. 1870లో ఆమె తూర్పు దేశాలకి వెళ్తానంటే, పంపడానికి డబ్బుల్లేవని వాళ్ళ మిషన్ పెద్దలు చేతులెత్తేశారు. ఆమె ఊరూరా తిరిగి ఆడవాళ్ళని కూడగట్టి ముప్ఫైకి పైగా మహిళా సంఘాలు పెట్టించి, ఆ చందాలతోనే బర్మా వెళ్ళింది. ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆయన్ని పెళ్ళాడి తర్వాత మన వైపు వచ్చి శ్రీకాకుళంలో ఉంది. అప్పట్లో దాన్ని చికాకోల్ అనేవారు. మళ్ళీ రంగూన్ వెళ్ళి అక్కడ చేరిన తెలుగు, తమిళ జనం మధ్య పనిచేసింది. అదే నోవాస్కోషియా నుంచి వచ్చిన మెటిల్డా చర్చిల్ దశాబ్దాల పాటు బొబ్బిలిలో ఉంది. అక్కణ్ణించి ఆమె ఇంటికి రాసిన ఉత్తరాలు 1916లో పుస్తకంగా అచ్చయ్యాయి. ఆ పుస్తకం పేరులో బొబ్బిలి బతుకుని ఆమె "ఇండియాలో నా ఇల్లు" అనుకుంది.

వాళ్ళు మత ప్రచారానికి వచ్చినవాళ్ళు. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, నేనా జోలికి పోను. నేను చూసేది ఒకటే. ఆ మిషన్ ద్వారా వచ్చినవాళ్ళు ముందు మున్షీ దగ్గర కూర్చుని తెలుగు దిద్దుకోవాల్సిందే, ఆడవాళ్ళతో సహా. మన ఒత్తులూ, మన ళలూ, ణలూ వాళ్ళ నోటికి ఎంత కష్టమో ఊహించండి. అయినా నేర్చారు. నేర్చినందుకే బొబ్బిలి ఆమెకి ఇల్లయింది.

మన రంగూన్ సంగతీ అంతే. ఇక్కణ్ణించి ఓడలెక్కి వెళ్ళింది ఎక్కువగా మగవాళ్ళే. రేవులో మూటలు మోశారు, ధాన్యం మిల్లుల్లో చేశారు. ఆడవాళ్ళు ఇక్కడే ఎదురుచూశారు. వెళ్ళిన కొద్దిమంది ఆడవాళ్ళు మాత్రం బజార్లో బర్మా భాషలో బేరమాడి సంసారం ఈదారు. 1960లలో అక్కడి పరిస్థితులు మారి వెనక్కొచ్చినవాళ్ళకి విశాఖలో బర్మా క్యాంపు వెలిసింది. బడి మొహం చూడని ఆ ఆడవాళ్ళకి వచ్చిన భాష డిగ్రీలున్న మన పిల్లలకి రాదా?

గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు చెప్తే మనకి వాడుక భాష ఉద్యమమే గుర్తొస్తుంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ, సంతకొచ్చే సవరలని చూసి వాళ్ళ భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. కొండల్లో తిరుగుతూ మలేరియాకి వాడిన క్వినైన్‌తో వినికిడి కూడా పోగొట్టుకున్నారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. అవతలివాళ్ళ భాష నేర్చిన మనిషి పుట్టినరోజు అది. దండలు వేసి ఊరుకుంటే సరిపోదు.

మన నోటికి దగ్గర భాష

"జపనీస్ మహా కష్టమట" అంటారు. లిపి కష్టమే, కాదనను. చదువుకున్నవాళ్ళు వాడే బొమ్మల్లాంటి అక్షరాలు రెండు వేలకి పైన ఉన్నాయి. కానీ మాట్లాడటానికి అవి అక్కర్లేదు. మొదటి వర్ణమాలలో ఉన్నవి 46 అక్షరాలే. వాటి వరస చూస్తే నవ్వొస్తుంది. అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధంతో పాటు మన దేశపు అక్షరాల క్రమం అక్కడికి చేరడం వల్ల వచ్చిన పోలిక అది.

వాక్యం కూడా మనదే అనిపిస్తుంది. మనం "నేను రేపు స్టేషన్‌కి వెళ్తాను" అంటాం. వాళ్ళు "వతాషి వ అషిత ఎకి ని ఇకిమాస్" అంటారు. వతాషి నేను, అషిత రేపు, ఎకి స్టేషను, ని అంటే మన "కి", ఇకిమాస్ వెళ్తాను. ఒక్క మాట కూడా చోటు మారలేదు చూశారా? ఇంగ్లీషు వాడికి ఇది తలకిందులు, మనకి సాఫీ. "వెళ్తారా?" అని అడగాలంటే చివర "కా" తగిలిస్తే సరి. మనం గారూ అన్నట్టే వాళ్ళు పేరు చివర "సాన్" అంటారు. మన దడదడ లాగే వాళ్ళకి దొకిదొకి, మన మిలమిల లాగే వాళ్ళకి కిరకిర. గుమ్మంలో చెప్పులు విప్పడం, పెద్దవాళ్ళకి తల వంచడం మనకెవరూ నేర్పక్కర్లేదు.

నాలుగు మాటలు వచ్చాయా, ఊరు తెరుచుకుంటుంది. టోక్యోకి దక్షిణాన ఎనొషిమా అనే దీవి ఉంది. అక్కడ బెంజాయ్‌తెన్ అనే అమ్మవారుంది. ఆవిడ మన సరస్వతే! చేతిలో బివా అనే తంత్రీ వాద్యం. పనస మొద్దుని తొలిచి వీణలు చేసే బొబ్బిలి పిల్లకి ఆ అమ్మవారు పరాయిదెలా అవుతుంది? నారా పట్టణంలో మహా బుద్ధ విగ్రహం ఉంది. 752లో దానికి కళ్ళు దిద్దినవాడు మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడనే భిక్షువు. శాలిహుండం, రామతీర్థం చూసి పెరిగిన పిల్ల అక్కడ నిలబడితే ఎంత పొంగిపోవాలి! కానీ ఆదివారం భర్తకి ఓపిక ఉంటేనే చూడాలంటే అది ఏడాదికోసారి కూడా కుదరదు. టికెట్టు తనే కొనుక్కుని, దారి తనే అడిగి, రైలు తనే ఎక్కితే అదీ ప్రయాణం.

ఏం చెయ్యాలి?

చిన్న చిన్న పనులే. నిశ్చయ తాంబూలాలకీ వీసా రావడానికీ మధ్య మూడు నాలుగు నెలలుంటాయి. చీరల షాపింగుతో పాటు రోజుకో గంట భాషకి కేటాయించండి. 46 అక్షరాలకి నెల చాలు. వెళ్ళాక అక్కడ చాలా చోట్ల వార్డు ఆఫీసులూ, స్వచ్ఛంద సేవకులూ పరదేశీయులకి క్లాసులు నడుపుతారు. కొన్ని ఉచితం, కొన్నిటికి నామమాత్రం ఫీజు. అక్కడికి వెళ్ళనివ్వండి. పిల్లలు పుట్టాక చూద్దాంలే అనకండి. పుట్టకముందే కావాల్సింది అది. ఏటా జూలైలో, డిసెంబరులో జపనీస్ పరీక్షలుంటాయి. మొదటి మెట్టు ఎన్5, పై మెట్టు ఎన్1. పరీక్ష పాసైతే కాగితం ఉంటుంది, కాగితం ఉంటే ఉద్యోగానికి దారి ఉంటుంది.

అల్లుళ్ళకి ఒక మాట. మీ ఆఫీసువాళ్ళు మీకు భాష నేర్పిస్తుంటే, ఇంటికొచ్చి అందులో పది మాటలు మీ ఆవిడకి చెప్పండి. ఆస్పత్రి నంబరు, పోలీసు నంబరు 110, అంబులెన్సుకి 119, ఇంటి అడ్రసు జపనీస్‌లో ఎలా చెప్పాలో మొదటి వారంలోనే నేర్పండి. సంబంధం చూసేటప్పుడు మామగారు జీతం ఎంతని అడుగుతారు. "మా పిల్లకి భాష నేర్పిస్తావా బాబూ?" అని కూడా అడగొచ్చు. కట్నం అడగడానికి లేని మొహమాటం దీనికెందుకు?

చివరగా మన వీధులకేసీ చూడండి. బరంపురం నుంచి ఇచ్ఛాపురం కోడలుగా వచ్చిన ఒడియా పిల్ల ఉంటుంది. పానీపూరీ బండివాడితో బీహార్ నుంచి వచ్చిన భార్య ఉంటుంది. ఆస్పత్రి లైన్లో ఏం చెప్పాలో తెలియక బిడ్డనెత్తుకుని బెదురుచూపులు చూస్తుంటుంది. మన పిల్ల టోక్యోలో పడే అవస్థే ఆమె మన ఊళ్ళో పడుతోంది. అక్కడ ఏ ముసలామైనా మన పిల్లని దగ్గరికి తీసి నాలుగు మాటలు నేర్పిస్తే బాగుండునని మొక్కుకుంటాం కదా. ఆ ముసలామె పని ఇక్కడ మనం చేద్దాం. రేపు పొద్దున నీళ్ళ కుళాయి దగ్గర ఆమె కనిపిస్తే పేరడగండి, మీ పేరు చెప్పండి. "ఒంట్లో బాగాలేదు" అనే ముక్క తెలుగులో ఎలా అనాలో నేర్పండి.